ఈ పెట్టె ఇద్దరిది

అందరికీ నమస్కారం.

మీ ముందు బల్ల మీద ఉన్నది 'వార్‌హామర్ ఏజ్ ఆఫ్ సిగ్మార్' మొట్టమొదటి స్టార్టర్ బాక్స్, అంటే కొత్తవాళ్లు ఆట మొదలుపెట్టడానికి అమ్మే పెట్టె. చిన్న చిన్న బొమ్మల సైన్యాలతో, పాచికలు వేస్తూ బల్ల మీద ఆడే యుద్ధం ఆట ఇది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా పనిచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2015 జులైలో దీన్ని విడుదల చేసింది. తర్వాత ఇదే ఆటకి 2018లో సోల్ వార్స్, 2021లో డొమినియన్, 2024లో స్కేవెన్‌టైడ్ అని పెద్ద పెద్ద బాక్సులు వచ్చాయి. అవన్నీ ఉండగా ఈ పాతదాన్ని ఎందుకు ఎంచుకున్నానో చెప్తాను. సీలు తియ్యని పెట్టె ఒకటి ఒక మిత్రుడి దగ్గర దొరికింది. విప్పి, బొమ్మలు అతికించి, ఆడి చూశాక నాకు ఒక సంగతి బాగా అర్థమైంది. మినియేచర్ వార్‌గేమింగ్‌లో మనం కొనే వస్తువులు దాదాపు అన్నీ ఒక్కరి కోసం చేసినవే. సైన్యం ఒకరిది, రంగులు ఒకరివి, పుస్తకం ఒకరిది. స్టార్టర్ బాక్స్ మాత్రం ఇద్దరిది. అందుకని దాని మంచిచెడ్డలు కొన్నవాళ్లని అడిగితే చాలదు, ఎదురుగా కూర్చుని ఆడేవాళ్లని అడగాలి. ఆ మనిషికి ఈ ఆట గురించి ఏమీ తెలియకపోవచ్చు. డబ్బు పెట్టింది తను కాదు కాబట్టి మొహమాటానికి నచ్చిందని చెప్పాల్సిన పనీ లేదు.

మనకి ఇది ఇంకా ముఖ్యం. నాటింగ్‌హామ్‌లో ఉండే కుర్రాడు సైన్యాన్ని బ్యాగులో సర్దుకుని షాపుకో క్లబ్బుకో వెళ్తే ఎదురు ఆడటానికి ఎవరో ఒకరు దొరుకుతారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే ఎదుటి ఆటగాణ్ణి చాలాసార్లు మనమే తయారు చేసుకోవాలి. తమ్ముడు కావచ్చు, ఆఫీసులో కొలీగ్ కావచ్చు, పై ఫ్లాటులో కుర్రాడు కావచ్చు. ఆ మనిషిని మొదటి సాయంత్రమే విసిగించే బాక్స్ ఎంత అందంగా ఉన్నా మనకి దండగ.

సరే, లోపల ఏముందో చూద్దాం. మొత్తం 47 బొమ్మలు. 96 పేజీల పుస్తకం ఒకటి, పాచికలు, దూరం కొలిచే స్కేళ్లు, నాలుగు పేజీల రూల్స్ కాగితం. విడుదలైనప్పుడు ధర 75 పౌండ్లు. ఒక పక్షం స్టార్మ్‌కాస్ట్ ఎటర్నల్స్. సిగ్మార్ అనే దేవుడు మెరుపుల మీద కిందికి పంపే బంగారు కవచాల వీరులు. రెండో పక్షం బ్లడ్‌బౌండ్. ఖోర్న్ అనే రక్తపిపాసి దేవుడి భక్తులు. కథ ఈ మాత్రం తెలిస్తే మొదటి ఆటకి చాలు. పుస్తకంలో ఇంకా బోలెడు ఉంది కానీ, పేజీకి పది కొత్త పేర్లు వచ్చి మీద పడతాయి. కొత్తవాళ్ల చేతిలో ముందే ఆ పుస్తకం పెట్టకండి.

బొమ్మల దగ్గర కొంచెం ఆగాలి, ఈ పెట్టెలో అసలు సొమ్మంతా ఉన్నది అక్కడే. గట్టి బూడిదరంగు ప్లాస్టిక్ ఫ్రేముల్లో ముక్కలు ముక్కలుగా వస్తాయి. కొండపల్లిలో బొమ్మకి చేతులూ మొండెమూ విడివిడిగా చెక్కి తర్వాత అతికించినట్టే ఇక్కడా కూర్చుకోవాలి. ఫ్రేము నుంచి ముక్కని చేత్తో విరిచెయ్యకూడదు. కట్టర్‌తో కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన ముడిని బ్లేడుతో నెమ్మదిగా గీకాలి. అచ్చు రెండు సగాలు కలిసినచోట సన్నటి గీత ఒకటి పడుతుంది. అదీ గీకెయ్యాలి, లేకపోతే రంగు వేశాక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అతికించడానికి మన ఇళ్లలో ఉండే ఫెవిక్విక్ పనికొస్తుంది కానీ, ప్లాస్టిక్ సిమెంట్ దొరికితే అదే వాడండి. అది ప్లాస్టిక్‌ని కాస్త కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. కింద పడ్డా అతుకు అంత సులువుగా ఊడదు.

బ్లడ్‌బౌండ్ పక్షంలో బ్లడ్‌రీవర్లు అనే సైనికులు ఇరవై మంది. ఇలా ఒకణ్ణి చేతిలోకి తీసుకుని దగ్గరగా చూడండి. ఒంటి మీద బట్ట సగం లేదు, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, నోరు తెరిచి అరుస్తూ ముందుకు దూకుతున్నాడు. అంత చిన్న ముఖంలో ఆ అరుపు కనిపిస్తోంది చూశారా! ఇప్పుడు పక్కన స్టార్మ్‌కాస్ట్ సైనికుడు లిబరేటర్‌ని పెట్టండి. నిటారుగా, నింపాదిగా నిలబడ్డాడు. ముఖానికి కదలని బంగారు ముసుగు. రీవర్ నిలబడిన గుండ్రటి పీట 32 మిల్లీమీటర్లు, లిబరేటర్‌ది 40. రూల్స్ ఒక్క ముక్క చదవకపోయినా ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెడితే ఎవరు మందగా మీద పడతారో, ఎవరు గోడలా నిలబడతారో తెలిసిపోతుంది. ఈ శిల్పులకి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆట తీరు బొమ్మలోనే చెప్పేశారు.

లోపాలు లేవని కాదు. లిబరేటర్లు ఐదుగురు చొప్పున రెండు జట్లు, రెండూ అచ్చం ఒకేలా ఉంటాయి. అందరికీ ముసుగులు కావడంతో బంగారు సైన్యంలో ఒక్క మనిషి ముఖం కూడా గుర్తుండదు. ఇటు ఖోర్న్ వైపు పుర్రెలు, రక్తం కొంచెం ఎక్కువే. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఆలోచించుకోవాల్సిన విషయం. బల్ల మీద పరచడానికి గుట్టలు, గోడలు ఏవీ పెట్టెలో రావు. పుస్తకాలు దొంతరగా పెట్టుకుని కొండ అనుకుని ఆడాల్సిందే.

ఇక రూల్స్. ఈ బాక్స్ వచ్చినప్పుడు గొడవంతా వీటి మీదే జరిగింది. దీనికి ముందున్న ఆట 1983లో మొదలైన వార్‌హామర్. దాని ఎనిమిదో ఎడిషన్ 2010లో వచ్చింది, రూల్స్ పుస్తకం ఐదు వందల పేజీలు దాటింది. అందులో సైనికులు చతురస్రపు పీటల మీద, వరసలు కట్టి, దళాలుగా కదులుతారు. దళం మూల తిప్పాలంటే కూడా లెక్క ఉంటుంది. పక్క నుంచి కొడితే ఒక ఫలితం, వెనక నుంచి కొడితే ఇంకో ఫలితం. అలాంటి ఆటని తీసేసి, నాలుగు పేజీల కాగితం చేతికిచ్చి, గుండ్రటి పీటల మీద ఎవరికి వారు విడిగా నడిచే సైనికుల్ని ఇచ్చారు. ఆ నాలుగు పేజీలూ ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చన్నారు. ఒక్కో దళానికి వార్‌స్క్రోల్ అనే పత్రం ఉంటుంది. ఆ దళం ఎంత దూరం నడుస్తుంది, ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది, ఎలా కొడుతుంది, అన్నీ అందులోనే.

ఒక కొట్లాట చేసి చూపిస్తాను. ఐదుగురు లిబరేటర్లు రీవర్ల గుంపుని చేరారు. లెక్క సులువుగా ఉండటానికి ఒక్కొక్కరికి రెండు దెబ్బలు అనుకుందాం, అంటే పది పాచికలు. సుత్తితో కొడుతున్నారు కాబట్టి నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే దెబ్బ తగిలినట్టు. సగటున ఐదు తగులుతాయి. తగిలినవాటిని మళ్లీ వెయ్యాలి, మూడు, ఆపైన పడితే గాయం. ఐదింట్లో మూడో నాలుగో మిగులుతాయి. ఇప్పుడు పాచికలు ఎదుటివాళ్ల చేతికి వెళ్తాయి. రీవర్‌కి కవచం ఉందో లేదో అన్నట్టు ఉంటుంది కాబట్టి ఆరు పడితేనే బతుకు. వాళ్లు ఊపిరి బిగబట్టి వేస్తారు. సుమారుగా ముగ్గురు పోతారు. ఎవరి బలం ఎంత, ఎవరి ఓర్పు ఎంత అని పట్టికలో అడ్డంగా, నిలువుగా వెతుక్కోవడం లేదు. కావాల్సిన అంకె పత్రం మీదే ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చిందేమిటంటే, నా వంతు నడుస్తున్నప్పుడు కూడా ఎదుటి మనిషి చేతిలో పాచికలున్నాయి. వాళ్లు ఫోన్ తీసి చూసుకునే ఖాళీ ఉండదు.

మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఎప్పుడూ ఇలాంటి ఆట ఆడలేదు. తను రీవర్లని తీసుకుంది. రెండో రౌండ్ మొదట్లో, ఎవరు ముందు ఆడాలో పాచిక వేసి తేల్చుకునే రూలు దగ్గర ఒక్కసారిగా లేచి నిలబడింది. "మావయ్యా, అంటే నేను ఇప్పుడే ఆడాను కదా, మళ్లీ నేనే ఆడొచ్చా?" అంది. ఆడొచ్చు. ఇద్దరూ చెరో వంతు ఆడితే ఒక రౌండ్. ప్రతి రౌండ్‌కీ ఇద్దరూ చెరో పాచిక వేస్తారు. ఎక్కువ పడినవాళ్లు ఎవరు ముందో నిర్ణయిస్తారు. వరసగా రెండు వంతులు ఒక్కరికే రావచ్చు. పాత ఆటగాళ్లు చాలామందికి ఈ రూలంటే అస్సలు పడదు. నాకు మాత్రం అదే ఇష్టం. ఓడిపోతున్న కొత్తవాళ్లకి ప్రతి రౌండ్ మొదట్లోనూ ఒక ఆశ మిగులుతుంది. ఆమె రెండో ఆట తనే అడిగింది. నేను వెతుకుతున్న సర్టిఫికెట్ అదే.

అయితే ఈ నాలుగు పేజీల్లో పెద్ద లోటు ఒకటుంది. సైన్యాల బలాబలాలు తూచే పాయింట్లు లేవు. పాత ఆటలో ప్రతి సైనికుడికీ పాయింట్లుండేవి, ఇద్దరూ సమానంగా తెచ్చుకునేవారు. ఇందులో ఎవరికి తోచినన్ని బొమ్మలు వారు పెట్టుకోవచ్చు. ఒకరి బొమ్మలు ఎదుటివారికన్నా మూడోవంతు ఎక్కువైతే, తక్కువున్నవాళ్లకి ఏదో ఒక లక్ష్యం సాధించి గబుక్కున గెలిచే అవకాశం ఇస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఈ పెట్టెనే తీసుకుని లెక్కపెట్టండి. స్టార్మ్‌కాస్ట్ 18, ఖోర్న్ వైపు 29. 18కి మూడోవంతు కలిపితే 24. అంటే కవచాలూ, రెక్కలూ, పెద్ద సుత్తులూ ఉన్న పక్షానికే పైగా ఇంకో వరం! తలలు లెక్కపెట్టారు తప్ప బలం లెక్కపెట్టలేదు. ఇద్దరు స్నేహితులు మాట్లాడుకుని సర్దుకోగలరు. ముక్కూ ముఖం తెలియని ఇద్దరు షాపులో కలిసి ఆడాలంటే కుదరదు. కంపెనీకీ అది తెలిసొచ్చింది. 2016లో జనరల్స్ హ్యాండ్‌బుక్ అనే పుస్తకం వేసి పాయింట్లు తెచ్చింది.

పాత ఆటగాళ్ల బాధ గురించి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్లు పెరిగిన ఒక ప్రపంచాన్ని, దాని నగరాలతో, రాజ్యాలతో సహా, ఎండ్ టైమ్స్ అనే కథలో నాశనం చేసి ఆ స్థానంలో దీన్ని తెచ్చారు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని రంగులేసుకున్న సైన్యాలు వాళ్లవి. ఆ కోపంలో ఒకాయన తన సైన్యానికి నిప్పు పెట్టి వీడియో తీశాడు. పాత సైన్యాలకి ఉచితంగా ఇచ్చిన వార్‌స్క్రోల్స్‌లో, ఎదుటివారికన్నా మీకు ఘనమైన గడ్డం ఉంటే మీ మరుగుజ్జు యోధులకి లాభం, అనే తరహా రూల్స్ పెట్టారు. దుఃఖంలో ఉన్నవాళ్ల దగ్గర వేసే పరాచికం కాదది. వాళ్ల కోపంలో న్యాయం ఉందని నేను నమ్ముతాను. 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ పేరుతో ఆ చతురస్రపు పీటలు, ఆ వరసలు మళ్లీ వచ్చాయంటే, ఆ ఆటకి ప్రాణం పోలేదని కంపెనీ కూడా ఒప్పుకున్నట్టే కదా. కానీ ఆ కోపం ఈ పెట్టె మీద చూపించడం నాకు సరి అనిపించదు. మా మేనకోడలికి పాత ప్రపంచం తెలియదు. తనకి తెలిసింది ఆ నాలుగు పేజీలే. ఐదు వందల పేజీలు ముందు పెట్టి ఉంటే తను ఆ కుర్చీలో కూర్చునేదే కాదు.

రంగుల గురించి రెండు మాటలు. పెట్టెలో రంగులు రావు. పైగా మన వాతావరణంలో ఒక చిక్కుంది. రంగుకి ముందు వేసే ప్రైమర్ పూత స్ప్రే చేసేటప్పుడు గాలిలో తేమ ఎక్కువగా ఉంటే బొమ్మ మీద పొర గరుకుగా, పొడిపొడిగా పడుతుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో ఉండేవాళ్లకి, వానాకాలంలో మనందరికీ ఇది తప్పదు. తేమ తక్కువున్న రోజు చూసుకుని కొట్టండి, లేదా బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి. బంగారు కవచాలకి బంగారు రంగు వేసి, పైన గోధుమరంగు వాష్, అంటే బాగా పల్చటి రంగు, పారిస్తే సందుల్లోకి దిగి నీడలు అవే వస్తాయి. మొదటిసారి బ్రష్ పట్టినవాళ్లకి కూడా లిబరేటర్ చాలా బాగా వస్తాడు. రీవర్లు కష్టం, ఒంటి రంగు ఓపిక అడుగుతుంది.

ఇప్పుడు ఎవరైనా ఈ పెట్టె కొనాలనుకుంటే సెకండ్‌హ్యాండ్‌లోనే దొరకాలి. 2024లో స్టార్మ్‌కాస్ట్ పాత బొమ్మల్లో చాలావాటిని కంపెనీ తయారీ నుంచి తప్పించింది. ఇప్పటి పోటీల్లో ఆడాలనుకునేవాళ్లు స్కేవెన్‌టైడ్ కాలం నాటి కొత్త స్టార్టర్ సెట్లు చూసుకోవడం మంచిది. ఇంట్లో ఇద్దరు కూర్చుని ఆడుకోవడానికైతే ఇది ఇప్పటికీ చక్కగా సరిపోతుంది. కొనేముందు ఫ్రేముల ఫొటోలు అడగండి, వార్‌స్క్రోల్స్ అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి.

మాట్లాడటం ఇక్కడితో ఆపుతాను, ఆడదాం. బల్ల మీద ఐదుగురు లిబరేటర్లనీ, పది మంది రీవర్లనీ మాత్రమే పెట్టాను. నాయకులు, రెక్కలవాళ్లు, ఖోర్గొరాత్ అనే ఆ పెద్ద రాక్షసమృగం అందరూ పెట్టెలోనే ఉన్నారు, వాళ్ల సంగతి రెండో ఆటలో. ఇంతవరకు పాచిక ముట్టుకోనివాళ్లు ఇద్దరు ముందుకి రండి. పక్షం ఎంచుకునే అవకాశం మొదట కూర్చున్నవాళ్లదే.