కడవెండి అన్నదమ్ములు

సభకు వచ్చిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు శనార్థులు.

తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య పేరు తెలియనివాళ్లు ఈ హాల్లో ఉండరు. అందుకే ఆయన పక్కన నడిచినవాళ్ల గురించి నాలుగు మాటలు ఎక్కువ చెబుతాను.

కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ, 1946లో జనగామ తాలూకా మన నల్గొండ జిల్లాలోదే. కొమురయ్యది కురుమల ఇల్లు. గొర్లు, ఎవుసం. ఊరి మీద పెత్తనం విసునూరు దేశ్‌ముఖ్, అంటే దొర, రాపాక రామచంద్రారెడ్డిది. రెండో ప్రపంచ యుద్ధం పేరు చెప్పి నిజాం సర్కారు లెవీ గింజలు గుంజేది. పండినా పండకున్నా చిన్న రైతు కొలిచి పోయాల్సిందే. దొరల గరిసెల జోలికి మాత్రం ఎవరూ పోయేవాళ్లు కాదు. పైగా వెట్టి. ఈ రెండింటికీ అడ్డం నిలబడింది ఆంధ్రమహాసభ. జనం నోట్లో అది ‘సంఘం’.

జూలై 4. ఆరుద్ర కార్తె, నాగలి కట్టే రోజులు. దొర మనుషులు తాగి వచ్చి సంఘం వాళ్ల ఇళ్ల మీద రాళ్లు రువ్వారు. జనం కర్రలు, వడిసెలలు పట్టుకుని ఊరేగింపుగా కదిలారు. దొర గడీ దగ్గరికి వచ్చేసరికి తుపాకులు పేలాయి. కొమురయ్యకు కడుపులో గుండు దిగింది. అక్కడే పోయాడు. ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అన్న మల్లయ్యకు కాలికి తగిలింది. మంగలి కొండయ్యకు నుదుటి మీద, అతని తమ్ముడు నర్సయ్యకు మోకాలికి. చూడండి, ఒక్క కాల్పుల్లో రెండిళ్ల అన్నదమ్ములు.

జనం పారిపోలేదు, గడీని చుట్టుముట్టారు. పోలీసులు వచ్చి దొర మనుషులను భద్రంగా దాటించారు. చచ్చింది సంఘం మనిషి, కేసులూ సంఘం మీదే!

ఆ తర్వాతి కథ మీకు తెలుసు. గుత్పలు, అంటే దుడ్డుకర్రలు, పట్టుకుని ఊరూరా జనం లేచారు. 1948 సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. కమ్యూనిస్టు పార్టీ లెక్కలో ప్రాణాలు పోయింది 4 వేల మందికి.

నేను ఆగేది ఈ లెక్క దగ్గరే. ఇందులో మల్లయ్య లేడు, కొండయ్య లేడు, నర్సయ్య లేడు. ఎవుసం ఇంట్లో ఒకడు పోయి, ఇంకొకడు కాలికి గుండు తగిలి మంచాన పడితే, ఆ వానకాలం ఎడ్లను ఎవరు కడతారు? విత్తనం ఎవరు వేస్తారు? బతికినవాళ్లు మోసింది ఏ లెక్కలోకీ రాలేదు. మన సభల్లో వేదిక మీది పెద్దల పేర్లు చదివేసరికే సగం టైం అయిపోతుంది, నా పేరుతో సహా.

కాలేజీ పిల్లలకు ఒక పని చెబుతున్నాను. మీ ఊళ్లల్లో తాతలను, అమ్మమ్మలను అడగండి. దెబ్బలు తిని బతికినవాళ్లెవరు, జైలుకు పోయిందెవరు, ఆ ఏడు వాళ్ల చెలక ఎవరు దున్నారు? ఇంటిపేరుతో సహా రాసుకురండి. వచ్చే జూలై 4న ముందు ఆ కాగితాలు చదువుదాం. మా ప్రసంగాలు తర్వాత, టైం మిగిలితే.