అరవై అయిదుకు ఇవతల

సభకు నమస్కారం.

పోయిన నెల నాకు 65 ఏళ్లు నిండాయి. తిరుమలలో వయోవృద్ధుల దర్శనానికి అర్హత వచ్చింది. ఆధార్ కార్డు చేతపట్టుకుని ఆ వరుసలో కూర్చున్నప్పుడు, ముప్పై ఏళ్లుగా తరగతిలో నల్లబల్ల మీద గీసిన గీత ఒకటి గుర్తుకొచ్చింది. ఐక్యరాజ్యసమితి జనాభా పట్టికల్లో 15 నుంచి 64 వరకు పనిచేసే వయసు. అటు 15 లోపు పిల్లలు, ఇటు 65 దాటిన పెద్దలు ఆధారపడినవారి కింద లెక్క. మన దేశంలో చాలా లెక్కలకు పై గీత 60 దగ్గరే ఆగుతుంది. కాబట్టి విద్యార్థులకు ఒక మాట: ఒక పట్టికలోని శాతాన్ని తెచ్చి ఇంకో పట్టికలోని శాతంతో పోల్చకండి.

నా పక్కన పీలేరు నుంచి వచ్చిన అవ్వ కూర్చుంది. డెబ్బై దాటాయి. ఇద్దరు కొడుకులు బెంగళూరులో, కూతురు కువైట్‌లో ఉన్నారు. ఇంటి దగ్గర మూడు ఆవులున్నాయి. తెల్లవారుజామున పాలు పితికి, కేంద్రంలో పోసి, సాయంత్రం పాల సంగతి పక్కింటి వాళ్లకు అప్పగించి బస్సెక్కిందట. పట్టికలో ఆమె ఆధారపడిన మనిషి. ఈ విషయం మనసులో ఉంచుకుని, పనిచేసే వయసువాళ్లెందరు, వాళ్ల మీద ఆధారపడినవాళ్లెందరు అన్న నా లెక్క వినండి.

ముందు మా ఇంటి లెక్క చెబుతాను. పాకాల దగ్గర పల్లె మాది. మా అవ్వ తొమ్మిదిమందిని కంటే అయిదుగురు బతికారు. 1970లో మా ఇంట్లో పన్నెండు విస్తళ్లు వేసేవాళ్లు. తాత, అవ్వ, అమ్మ, నాయన, చిన్నాన్న, చిన్నమ్మ, పిల్లలం ఆరుగురం. పనిచేసే వయసువాళ్లు నలుగురైతే, వాళ్ల రెక్కల మీద బతికేవాళ్లం ఎనిమిదిమంది. పలక కొనాలంటే వేరుశనగ అమ్మేదాకా ఆగాలి. 2010 నాటికి మా అమ్మ కడుపున పుట్టిన నలుగురం నాలుగు జంటలయ్యాం. మా అందరి పిల్లలు ఏడుగురూ 15 దాటారు. పదిహేనుమంది పనిచేసే వయసులో ఉంటే, పెద్దదిక్కుగా అమ్మ ఒక్కతే. మా కుటుంబం ఇళ్లు కట్టుకున్నదీ, పిల్లల్ని ఇంజినీరింగు చదివించుకున్నదీ ఆ పదేళ్లు పదిహేనేళ్లలోనే. అది మా తెలివి అనుకున్నాం. చాలావరకు వయసుల కూడిక చేసిన మేలు అది. ఇప్పుడు మా జంటలు ఒక్కొక్కటిగా గీత దాటుతున్నాయి. మనవలు అందరూ కలిసి అయిదుగురే.

దేశం లెక్క కూడా ఇంతే. 1970 ప్రాంతంలో భారతదేశంలో పనిచేసే వయసువాళ్లు నూరుమందికి పిల్లలూ వృద్ధులూ కలిసి సుమారు 80 మంది ఉండేవారు. ఇప్పుడు 50 లోపే. జనాభాలో 15 నుంచి 64 మధ్యవాళ్ల వాటా అప్పటి 56 శాతం నుంచి నేడు దాదాపు 68 శాతానికి చేరింది. కాన్పులు తగ్గితే మొదట ఉయ్యాలలు ఖాళీ అవుతాయి. వృద్ధుల సంఖ్య పెరగడానికి ఇంకా ముప్పై నలభై ఏళ్లు పడుతుంది. ఆ మధ్యలోని వెసులుబాటే ఇది. 2030 దాటాక కొంతకాలానికి ఈ వాటా దిగడం మొదలవుతుందని ఐక్యరాజ్యసమితి అంచనా.

పత్రికలు దీన్ని జనాభా డివిడెండ్ అంటున్నాయి. నాకు ఆ మాట రుచించదు. డివిడెండ్ అంటే వాటాదారుకు పంచే లాభం, అది కూర్చున్నచోటికి వస్తుంది. ఇది వాన పదునులాంటిది. పదును ఆరకముందే గొర్రు కట్టాలి, విత్తు పడాలి. మన సీమ రైతుకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. జపాన్‌లో పనిచేసే వయసువాళ్ల సంఖ్య 1995 ప్రాంతంలో శిఖరానికి చేరి దిగింది. చైనాలో వాళ్ల వాటా 2010 చుట్టూ శిఖరం తాకింది. 2022 నుంచి ఆ దేశపు మొత్తం జనాభాయే తగ్గుతోంది. రెండు దేశాలూ పదును ఉండగానే విత్తుకున్నాయి.

మన రాష్ట్రం సంగతి వేరు, ఇక్కడ పదును ముందే వచ్చింది, ముందే ఆరుతుంది. 1992-93 నాటి మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 సర్వేకు అది 1.7. అప్పుడు దేశ సగటు 2.0, బీహార్‌లో 3.0. జనాభా ఉన్నచోట నిలవాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో తీసేసింది. ఎక్కువమందిని కనండి అన్న పిలుపు కూడా వింటున్నాం. నా అభిప్రాయం దాచుకోను: ఈ రోజు పుట్టిన బిడ్డ పనిలోకి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఆ ఇరవై ఏళ్లూ ఆ బిడ్డ ఆధారపడిన పక్షంలోనే ఉంటుంది, తల్లి తరచుగా కొలువు వదులుకుంటుంది. ముంచుకొస్తున్న పనిచేసేవాళ్ల కొరతకు అది మందు కాదు.

ఇంతకూ కాన్పులు తగ్గించింది ఎవరు? అదే 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో పదిమందికి ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవాళ్ల ఆపరేషన్లు నూటికి ఒకటి కూడా లేవు. కోత పడింది ఆడవాళ్ల కడుపు మీద. పదిహేనుమందికి ఒక్క పెద్దదిక్కు అన్న మా ఇంటి వైభవం కూడా అలా వచ్చిందే. పాతికేళ్లకే కాన్పులు ముగించుకున్న మనిషికి ముందు నలభై ఏళ్ల పనికాలం ఉంది. ఆ నలభై ఏళ్లకు మనం ఏం చేశాం?

కార్మిక సర్వే చూడండి. 2023-24లో దేశంలో 15 దాటిన మగవాళ్లలో నూటికి దాదాపు 79 మంది పనిలోనో పని వెతుకులాటలోనో ఉన్నారు. ఆడవాళ్లలో దాదాపు 42 మంది. 2017-18లో అది 23 మాత్రమే. పెరిగింది, సంతోషం. కానీ పెరిగిన దానిలో పెద్దభాగం సొంత పొలంలో, సొంత అంగట్లో, చాలాసార్లు కూలి లేకుండా చేసే పని. పనిచేసే వయసు అని రాసినంత మాత్రాన చేతిలో జీతం పడదు.

మా వీధిలో ఒక అమ్మాయి శ్రీసిటీ వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. డిగ్రీ చదివింది. ఉదయం షిఫ్టు ఉన్నవారం చీకటితోనే బస్సు వస్తుంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో రెండు గిన్నెల క్యారియర్, తల ఇంకా తడి ఆరి ఉండదు. రెండేళ్ల పాప నిద్రలేవకముందే గడప దాటాలి. అంగన్‌వాడీ తలుపు తెరిచే వేళకు ఈమె మూడు గంటల పని ముగించి ఉంటుంది. కాబట్టి పాప అత్తగారి దగ్గర. ఆ అత్తగారికి 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పి. మంచంలో ఉన్న మామగారికి అన్నం పెట్టేదీ ఆమే.

యాభైమంది, అంతకు మించి పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణ చెప్పింది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా అందులో ఉంది. ఆ అమ్మాయికి ఈ సంగతి నేను చెప్పేదాకా తెలియదు. ఆరుగంటల దూరం బెంగళూరుకు పోయే మన ఆడపిల్లలకు హాస్టళ్ల గురించి మాట్లాడతాం, మంచిదే. పల్లె గడపలో ఉన్నవాళ్లకు షిఫ్టు వేళకు తెరిచే అంగన్‌వాడీ, వృద్ధులను పగటిపూట చూసుకునే చోటు, ఆ చోట జీతానికి పనిచేసే మనిషి కావాలి. జిల్లా ప్రణాళికల్లో రోడ్లకు రాసినట్టే వీటికీ పద్దు రాయాలని నా డిమాండ్.

ఆ పాపకు వచ్చే జూన్‌కు మూడేళ్లు నిండుతాయి. బడి తలుపు తెరిచేదాకా ఆ అమ్మాయి ఉద్యోగం నిలవాలంటే అత్తగారి మోకాళ్లు నిలవాలి.

ఇక మీరు ప్రశ్నలు అడగవచ్చు. ముందు వెనుక వరుసలోని అమ్మాయిలు అడగండి.