బీరువాలో సర్టిఫికెట్, పర్సులో రసీదులు

నమస్కారం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉన్న పిల్లల్ని పెంచుతున్న ఇళ్లలో డబ్బు ఇబ్బంది ఎలా ఉంటుందో, కాస్త ఆసరా ఎక్కడ దొరుకుతుందో ఈ పూట మాట్లాడుకుందాం. ఉన్న పథకాలన్నీ ఏకరువు పెడితే మీకు ఒక్కటీ గుర్తుండదు, నాకిచ్చిన సమయమూ చాలదు. అందుకని ముఖ్యంగా రెండు కాగితాల గురించే చెప్తాను. ఒకటి, బిడ్డకి వైకల్యం ఎంత శాతం ఉందో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చే సర్టిఫికెట్. రెండోది రసీదు. పెన్ను దగ్గరుంటే మంచిదే, లేకపోయినా ఫరవాలేదు, కావాల్సిన మాట రెండు మూడు సార్లు చెప్తాను.

నేను ఈ పిల్లలకు పాఠాలు చెప్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు మొదటి రోజు అడిగేది "మాటలు ఎప్పుడొస్తాయి మేడమ్" అని. కొన్నాళ్లు పోయాక, పిల్లాడు లోపల ఆడుకుంటుండగా, గొంతు తగ్గించి అడిగేది ఫీజు గురించి. స్పీచ్ థెరపీ ఒకచోట, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ, అంటే ఓటీ, ఇంకోచోట, వారానికి నాలుగైదు సెషన్లు, ప్రతిదానికీ విడిగా డబ్బు, పైన ఆటో ఖర్చు. ఈ తిరుగుడికి ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కాబట్టి సాధారణంగా తల్లి ఉద్యోగం మానేస్తుంది. అంటే ఖర్చు పెరిగిన నెలలోనే ఒక జీతం ఆగిపోతుంది. ఇది వాళ్ల ప్లానింగ్ లోపం కాదు, ఏ కుటుంబానికైనా ఇంతే జరుగుతుంది.

మౌలాలి నుంచి వచ్చే ఒక తల్లి సంగతి చెప్తాను. భర్త చర్లపల్లిలో ఒక ఫ్యాక్టరీలో పని చేస్తారు. బాబుకి ఆరేళ్లు, ఆటిజం. తర్వాత ఒక పాప. థెరపీ ఫీజుల కోసం అప్పటికే చేతి గాజులు తాకట్టులో ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకున్నారా అమ్మా అని అడిగితే తల దించుకుంది. "మా అత్తయ్య వద్దంటున్నారు మేడమ్. ఆ కాగితం తీసుకుంటే వీడికి జన్మంతా ముద్ర పడిపోతుందట. రేపు పాప పెళ్లికి కూడా అడ్డమొస్తుందని భయం."

ఈ మాట నేను విన్నది ఆ ఒక్క ఇంట్లో కాదు. కూకట్‌పల్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల ఇళ్లలోనూ వింటాను, పాతబస్తీలోనూ వింటాను. ఆ అత్తగారి మీద నాకు కోపం లేదు, ఆవిడ మనవడి గురించే భయపడుతోంది. కానీ సర్టిఫికెట్‌ని ఎవరూ గోడకు అంటించరు. అది మీ దగ్గర ఉంటుంది, మీరు చూపిస్తేనే ఎవరైనా చూస్తారు. అది లేకపోతే మాత్రం ఇప్పుడు నేను చెప్పబోయే వాటిలో దాదాపు ఏదీ మీకు అందదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. 40 శాతం, అంతకు మించి ఉందని సర్టిఫికెట్‌లో ఉంటే చాలా సదుపాయాలకు దారి తెరుచుకుంటుంది. 40 అన్న అంకె గుర్తుపెట్టుకోండి.

ఈ కాగితానికి మన దగ్గర అందరి నోటా నానిన పేరు సదరం సర్టిఫికెట్. ఇప్పుడు దివ్యాంగులకు దేశమంతటా చెల్లే ఒకటే గుర్తింపు కార్డు, యూడీఐడీ, వచ్చింది. ఆన్‌లైన్‌లో గానీ మీసేవకు వెళ్లి గానీ దరఖాస్తు పెడితే, ఏ రోజు ఏ ప్రభుత్వ ఆసుపత్రికి రావాలో చెప్తారు. ఆటిజం ఎంత ఉందో లెక్కగట్టడానికి ఇశా అనే స్కేలు వాడతారు. నలభై అంశాల మీద మార్కులు వేస్తారు. దీన్ని తయారు చేసింది మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థే, ఇప్పుడు దాన్ని ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఆ సంస్థ ఇక్కడ 1984 నుంచి ఉంది. పరీక్షలు, థెరపీ సలహాల కోసం దూరప్రాంతాల నుంచి రైలెక్కి వస్తారు. మనకి సిటీ బస్సు దూరంలో ఉండి కూడా అటు వెళ్లని వాళ్లున్నారు, అదే నాకు బాధ.

సరే, ఆ తల్లి చివరికి భర్తను ఒప్పించి స్లాట్ తీసుకుంది. వెళ్లే ముందు రోజు బాబుని తీసుకుని మా దగ్గరికి వచ్చింది. కొత్త చొక్కా కొన్నారు, క్రాపు చేయించారు. "డాక్టరుగారికి నమస్తే పెట్టు నాన్నా" అని నేర్పిస్తోంది. పద్యం కూడా ఒకటి ప్రాక్టీసు చేయిస్తున్నారట. చూడ్డానికి ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. తల్లి కదా, ఎవరి ముందైనా బిడ్డ బాగా కనబడాలనే ఉంటుంది. ఏం తింటాడమ్మా అని నేను మామూలుగా అడిగితే "అన్నీ తింటాడు మేడమ్" అంది. ఆ ఇంట్లో బాబు పెరుగన్నం తప్ప ఇంకో ముద్ద ముట్టడనీ, పప్పు మరక కనబడినా పళ్లెం తోసేస్తాడనీ నాకు తెలుసు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను, అమ్మా, రేపు అడిగేవన్నీ బాబు మామూలు రోజున ఎలా ఉంటాడో తెలుసుకోవడానికే. పెరుగన్నం సంగతి చెప్పు. రాత్రి రెండింటికి లేచి లైట్లు వేసి ఆర్పుతుంటాడని చెప్పు. మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకుని మంచం కిందకి దూరతాడని చెప్పు. ఫోన్‌లో ఇంటి దగ్గర తీసిన వీడియోలు ఉంటే అడిగినప్పుడు చూపించు. పెంచి చెప్పొద్దు, దాచి చెప్పొద్దు.

మీ అందరికీ కూడా ఇదే చెప్తున్నాను. ఆ రోజు పెంచి చెప్పొద్దు, దాచి చెప్పొద్దు.

సర్టిఫికెట్ వచ్చింది. పేరు దగ్గర చిన్న చిక్కు. ఆధార్‌లో బాబు ఇంటిపేరు పూర్తిగా, పేరు వెనకాల ఉంది. జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ముందు ఒక్క అక్షరంగా ఉంది. మన తెలుగువాళ్ల ఇళ్లలో ఇది మహా మామూలు, కానీ బీమా క్లెయిమ్ దగ్గర, బ్యాంకు దగ్గర తంటా తెచ్చిపెడుతుంది. దరఖాస్తుకు ముందే ఆధార్, జనన ధ్రువపత్రం, స్కూలు రికార్డు మూడింట్లో పేరు ఒకేలా ఉందేమో చూసుకుని, తేడా ఉంటే ముందే సరిచేయించుకోండి. చిన్నపిల్లలకు కొన్నేళ్ల గడువుతో తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తుంటారు, దాని మీద గడువు తేదీ కూడా చూసుకోండి.

ఇంత కష్టపడి తెచ్చుకున్న ఆ కాగితాన్ని ఆవిడ బీరువాలో పట్టుచీరల కింద దాచింది. నెలలు గడిచాయి. మీరు ఇప్పుడు వింటూ మీ బీరువా వైపు చూస్తున్నారేమో. అక్కడే ఉంటే ఇవాళే బయటికి తీయండి.

దానితో ఆవిడ మొదట చేసిన పని నిరామయ. ఇది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన జాతీయ ట్రస్టు నడిపే ఆరోగ్య బీమా. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికీ వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. వయసు పరిమితి లేదు, చేరే ముందు వైద్య పరీక్షలు లేవు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకి చేరడానికి 250 రూపాయలు, మిగతావాళ్లకి 500. ఆ తర్వాత ఏటా రెన్యువల్‌కి 50 రూపాయలు, లేదా 250. మామూలు బీమా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తుంది, ఇది అలా కాదు. ఓపీ ఖర్చు, మందులు, పరీక్షలు, మనకి అన్నిటికన్నా ముఖ్యంగా థెరపీలు, ఇవన్నీ ఇందులో ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో పరిమితి ఉంటుంది కాబట్టి మొత్తం లక్షా థెరపీకే వస్తుందని అనుకోకండి.

ఒక సంగతి. ముందు మన జేబులోంచి కట్టాలి, తర్వాత బిల్లులు పంపి తీసుకోవాలి. రసీదు మాట వచ్చేది ఇక్కడే.

ఆ తల్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. ఏడాది రసీదులు. కొన్ని బస్సు టికెట్లంత చిన్న చీటీలు, వాటి మీద తేదీ, 'పెయిడ్' అన్న మాట, ఒక గీత సంతకం. బాబు పేరు లేదు. కొన్ని మెషిన్‌లోంచి వచ్చే నున్నటి కాగితాలు, అక్షరాలు ఎగిరిపోయి తెల్లగా మిగిలాయి, ఎండకు పట్టుకుని చూసినా ఏమీ కనబడలేదు. కట్టిన డబ్బు ఒక్కో రూపాయి నిజం, చూపించడానికి మాత్రం ఏమీ లేదు. ఆవిడ ఆ తెల్ల కాగితాల్ని ఒక్కొక్కటే తిరగేసి చూస్తుంటే నాకు గుండె తరుక్కుపోయింది.

మర్నాడు ఆ థెరపీ సెంటర్‌కి వెళ్లి మొహమాటం లేకుండా అడగమన్నాను. వాళ్లూ కాదనలేదు, అడిగేవాళ్లు లేక ఇవ్వలేదంతే. అప్పటి నుంచి నెలకొక బిల్లు. సర్టిఫికెట్లో ఉన్నట్టే బాబు పూర్తి పేరు, సెషన్ జరిగిన తేదీలు, ఏ థెరపీ, ఎంత కట్టారు, థెరపిస్టు పేరు, వాళ్ల రిజిస్ట్రేషన్ నంబరు, స్టాంపు, సంతకం. స్పీచ్ థెరపిస్టులకు, స్పెషల్ ఎడ్యుకేటర్లకు పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ ఇచ్చే నంబరు ఉంటుంది, అది అడగడం మన హక్కు. దానితోపాటు ఈ థెరపీ అవసరం అని డాక్టరు రాసిన చీటీ. ఆ తర్వాత పంపిన క్లెయిమ్‌కి డబ్బు ఖాతాలో పడింది. గాజులు విడిపించేంత కాదు. రెండు నెలల స్పీచ్ ఫీజు. ఆ రెండు నెలలూ కొత్త అప్పు చేయలేదు, అది నాకు చిన్న విషయంగా అనిపించలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఆసరా పింఛను, ఇప్పుడు చేయూత అంటున్నారు, చిన్నపిల్లలకు రాదని చాలామంది అనుకుంటారు. దివ్యాంగుల పింఛనుకు వయసుతో పని లేదు, శాతం, కుటుంబ ఆదాయం చూస్తారు. 2023లో దాన్ని నెలకు 3,016 నుంచి 4,016 రూపాయలు చేశారు. జీతం మీద పన్ను కట్టేవాళ్లు, ఇన్నాళ్లూ 80డీడీ అంటూ వచ్చిన మినహాయింపు గురించి మీ ఆఫీసు అకౌంట్స్ వాళ్లని అడగండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి 75,000 రూపాయలు, 80 శాతం, అంతకు మించిన వైకల్యానికి 1,25,000. మీరు నిజంగా ఎంత ఖర్చు పెట్టారన్నదానితో సంబంధం లేకుండా, పన్ను వేసే ఆదాయంలోంచి అంత మొత్తం తీసేస్తారు. ఆటిజానికి విడిగా ఒక ఫారం ఉంటుంది, ఇన్నాళ్లూ దాన్ని 10-ఐఏ అనేవారు, దాన్ని మర్చిపోయి ఆఖరి రోజున టెన్షన్ పడతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం మామూలుకు రెట్టింపు వస్తుంది. మేధో వైకల్యం వల్ల తోడు లేకుండా ప్రయాణం చేయలేని పిల్లలకు, తోడు వెళ్లేవారికి స్లీపర్, థర్డ్ ఏసీ చార్జీల్లో రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది, దానికి రైల్వే వాళ్ల నమూనాలో డాక్టరు సంతకం కావాలి. చదువు సంగతికొస్తే, ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గానీ ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకోవడం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న ప్రతి బిడ్డకూ చట్టం ఇచ్చిన హక్కు. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అక్కడ ఫిజియోథెరపీ కూడా చేస్తారు.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. ఆటిజం పూర్తిగా తగ్గిస్తామని స్టెమ్ సెల్స్ పేరుతో, ఇంకేవేవో ఇంజెక్షన్ల పేరుతో లక్షలు అడిగేవాళ్ల దగ్గరికి ప్లాటు అమ్మి వెళ్లిన తల్లిదండ్రుల్ని చూశాను. అవి ఆటిజాన్ని తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. దయచేసి ఆ డబ్బు వదులుకోకండి. అదే డబ్బుతో ఎన్నేళ్ల థెరపీ నడుస్తుందో లెక్క వేసుకోండి.

సమయం అయిపోవచ్చింది. నిరామయ ఏప్రిల్ నుంచి మార్చి వరకే చెల్లుతుంది, కాబట్టి మార్చి 31 లోపు రెన్యువల్ చేయించుకోండి. మళ్లీ చెప్తున్నాను, మార్చి 31. ఇక ఈ వారం థెరపీకి వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర ఒక్క నిమిషం ఆగి రసీదు చదవండి. పిల్లవాడి పేరుందా, తేదీ ఉందా, థెరపిస్టు నంబరుందా, స్టాంపు ఉందా. లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. నున్నటి కాగితం ఇస్తే ఆ రోజే జిరాక్స్ తీయించి, ఒక ఫైల్లో పెట్టండి. సెలవు, నమస్కారం.