గీజరు వాల్వు కారుతోంది, బిరడా బిగించమంటారా?

(కొత్త ఇంట్లో చిన్న చిన్న పనులు సొంతంగా చేసుకునేవారి కోసం తిరుపతిలో జరిగిన ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం. జవాబులు చెప్పినవారు ఐటీఐలో ప్లంబింగ్ బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు.)

నిర్వాహకురాలు: తిరుచానూరు నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. అడగండి.

శ్రోత (తిరుచానూరు): నమస్కారం మేడమ్. మాస్టారూ, నమస్కారం. ఈ మధ్యే గృహప్రవేశం చేశామండీ. మాది తిరుచానూరు కదా, దర్శనానికి వచ్చే బంధువులు ఎక్కువ. తెల్లవారుజామునే అందరికీ వేడినీళ్లు కావాలి. అందుకని 25 లీటర్ల గీజరు కొని నేనే బిగించాను. చల్లనీళ్లు లోపలికి వెళ్లే చోట చిన్న వాల్వు ఉంది కదండీ, దాని పక్క రంధ్రంలోంచి నీళ్లు కారుతున్నాయి. టెఫ్లాన్ టేపు చుట్టి బిరడా బిగించేద్దామని...

మాస్టారు: ఆగండి, ఆగండి. బిగించారా, బిగించబోతున్నారా?

శ్రోత: ఇంకా లేదండీ. బిరడా తెచ్చి పెట్టుకున్నాను.

మాస్టారు: అంగడి తెరవగానే వాపసు ఇచ్చేయండి. ఆ రంధ్రం లోపం కాదు, గీజరు ఊపిరి తీసుకునే దారి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు కాచారనుకోండి, దాదాపు 400 మిల్లీలీటర్లు పెరుగుతాయి. ట్యాంకులో ఖాళీ ఉండదు. వచ్చిన దారిన వెనక్కి పోనివ్వకుండా ఆ వాల్వే అడ్డుకుంటుంది. మరి పెరిగిన నీళ్లు ఎటు పోవాలి? పొరపాటున వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ పనిచేయక నీళ్లు మరిగిపోతే, ఆవిరికి కూడా అదొక్కటే దారి. అది మూస్తే ట్యాంకు పేలిపోవచ్చు. బాత్‌రూమ్‌లో మనిషి ఉండగా పేలితే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు.

శ్రోత: అమ్మో. అయితే కారడం మామూలేనా?

మాస్టారు: స్విచ్చి వేశాక, నీళ్లు కాగుతున్నంతసేపు చుక్కలు పడితే మామూలే. స్విచ్చి ఆపి, గీజరు పూర్తిగా చల్లారాక కూడా కారుతుంటే మాత్రం చూసుకోవాలి. మీది ఎలా ఉంది?

శ్రోత: ఎప్పుడూ కారుతూనే ఉంటుందండీ.

మాస్టారు: ప్రెషర్ పంపు పెట్టారా? ట్యాంకు ఎంత ఎత్తులో ఉంది?

శ్రోత: పంపు లేదు. మేము కింద ఉంటాం. మేడ పైన ట్యాంకు.

మాస్టారు: అంటే ఏడు మీటర్లు అనుకుందాం. పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒక బార్ ఒత్తిడి. మీకు 0.7 బార్ వస్తోంది. గీజరు ఎంత తట్టుకుంటుందో దాని రేకు మీద రాసి ఉంటుంది. ఈ రకం వాటికి చాలావరకు 8 బార్ దాకా ఉంటుంది. కాబట్టి తప్పు ఒత్తిడిది కాదు. కొత్త ఇల్లు అన్నారు చూడండి, నా అనుమానం అక్కడే. పైపులు కోసినప్పుడు రాలిన పొట్టు, ఇసుక, సిమెంటు నలుసులు లోపలే ఉండిపోతాయి. గీజరు తగిలించే ముందు లైను వదిలి కడిగారా?

శ్రోత: లేదండీ.

మాస్టారు: నలుసు వాల్వులో ఇరుక్కుని ఉంటుంది. స్విచ్చి ఆపి, నీళ్లు బాగా చల్లారాక, వాల్వుకు చిన్న మీట ఉంటుంది, దాన్ని నాలుగైదుసార్లు ఎత్తి దించండి. నీళ్లతోపాటు నలుసూ బయటకు పోవచ్చు. అప్పటికీ ఆగకపోతే వాల్వే మార్చండి. రంధ్రానికి ఒక సన్నని గొట్టం తగిలించి నహానీ ట్రాప్ దాకా, అంటే బాత్‌రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ దాకా దించండి. గొట్టం పొడవునా కిందికే వాలి ఉండాలి, చివర తెరిచే ఉండాలి.

నిర్వాహకురాలు: మాస్టారూ, అసలు గీజరు సొంతంగా బిగించుకోవచ్చా?

మాస్టారు: నీళ్ల పని వరకు ఓపిక ఉంటే చేసుకోవచ్చు. కరెంటు పని చేయకూడదు. బాబూ, ప్లగ్గు ఎక్కడ పెట్టారు?

శ్రోత: అది... హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాను.

మాస్టారు: ఈ రాత్రికే తీసేయండి! 2000 వాట్ల గీజరు 230 వోల్టుల మీద దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మామూలు సాకెట్టు ఆరు ఆంపియర్లది. పెట్టె కరిగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి బోర్డు నుంచి విడి వైరు, కరెంటు ఎక్కువ లాగితే ఆపేసే విడి ఎంసీబీ, సరైన ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఇవన్నీ ఎలక్ట్రీషియన్‌తో పెట్టించండి. అప్పటిదాకా బంధువులు కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు పోసుకున్నా పుణ్యమే. (నవ్వు)

నిర్వాహకురాలు: కొర్లగుంట నుంచి ఒకరు చాలాసేపటి నుంచి ఎదురు చూస్తున్నారు. చెప్పండమ్మా.

శ్రోత (కొర్లగుంట): వాషింగ్ మెషిన్ నిండటానికే అరగంట పడుతోందండీ. మెషిన్ చెడిందని మావారు అంటారు. కొత్తదండీ అది!

మాస్టారు: మెషిన్‌ను అప్పుడే తిట్టకండమ్మా. ఎన్నో అంతస్తు?

శ్రోత: పై అంతస్తు. ట్యాంకు సరిగ్గా మా తల మీదే.

మాస్టారు: చాలామంది ట్యాంకు దగ్గరుంటే నీళ్లు బాగా వస్తాయనుకుంటారు. దగ్గరుంటే కాదు, ఎత్తులో ఉంటే వస్తాయి. మీకు రెండు మీటర్ల ఎత్తే దొరుకుతోంది, అంటే 0.2 బార్. మెషిన్‌కు కనీసం ఎంత కావాలో దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, చూడండి. అంతకంటే ముందు ఒక పని చేయండి. కుళాయి కట్టేసి, మెషిన్ వైపు గొట్టం విప్పి బకెట్టులో పెట్టి, కుళాయి తిప్పండి. బకెట్టు చకచకా నిండితే తప్పు మెషిన్ వైపు. గొట్టం తగిలించే చోట చిన్న జల్లెడ ఉంటుంది, పటకారుతో మెల్లగా లాగి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. బకెట్టు కూడా నీరసంగా నిండితే తప్పు ఒత్తిడిది. అప్పుడు ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచాలి, లేదా ట్యాంకు తర్వాత చిన్న పంపు పెట్టాలి.

శ్రోత: అన్నట్టు మాస్టారూ, బట్టలు పిండేటప్పుడు మెషిన్ గడగడలాడుతూ అడుగు దూరం జరిగిపోతోంది.

మాస్టారు: ముందు వైపు తలుపు ఉన్నదా? వెనక నాలుగు పొడుగాటి బోల్టులు తీశారా?

శ్రోత: ఏ బోల్టులు?

మాస్టారు: (నవ్వు) దొరికింది. దారిలో డ్రమ్ము కదలకుండా పెట్టే బోల్టులమ్మా. అవి తీయకుండా నడపకూడదు. ఇవాళే తీయండి, పారేయకండి. ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి.

నిర్వాహకురాలు: చంద్రగిరి శ్రోత ఒకరు సందేశం పంపారు. వాడని బాత్‌రూమ్‌లో దుర్వాసన వస్తోందట.

మాస్టారు: నహానీ ట్రాప్‌లో నిలవాల్సిన నీళ్లు ఆరిపోయాయి. ఆ నీళ్లే కదా వాసనకు అడ్డం. వారానికోసారి ఒక చెంబు నీళ్లు పోయమనండి. అప్పటికీ తగ్గకపోతే ట్రాప్ తప్పుగా బిగించారేమో చూపించుకోవాలి.

నిర్వాహకురాలు: చివరి ఫోను, రేణిగుంట నుంచి.

శ్రోత (రేణిగుంట): మాది బోరు నీళ్లండీ. కుళాయిలకు, షవరుకు తెల్లగా పేరుకుంటోంది. టీడీఎస్ మీటరు పెడితే 1100 చూపించింది. ఇల్లంతటికీ ఆర్వో పెట్టుకోవాలా?

మాస్టారు: వద్దు. ఆర్వో నీళ్లు వృథా చేస్తుంది, తాగే నీళ్లకు చాలు. పైగా టీడీఎస్ వేరు, కాఠిన్యం వేరు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ. తెల్లగా పేరుకునేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం; అవి ఎంత ఉన్నాయో చెప్పేదే కాఠిన్యం. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా. మీ మీటరు ఆ సంగతి చెప్పదు. ఊళ్లో కల్యాణి డ్యామ్ నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వచ్చే ఇళ్లకు సాధారణంగా ఈ బాధ తక్కువ. మీరు ముందు నీళ్లు పరీక్ష చేయించండి.

శ్రోత: అప్పటిదాకా ఏమి చేయమంటారు?

మాస్టారు: షవరు తల విప్పి, గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి ఒక పూట నానబెట్టండి. గీజరు ఉంటే వేడి 55, 60 డిగ్రీలకు తగ్గించండి, పొలుసు నెమ్మదిగా కడుతుంది. ఏడాదికోసారి లోపలి మెగ్నీషియం కడ్డీ చూపించండి, ట్యాంకుకు బదులు తాను కరిగేది అదే, అది పూర్తిగా కరిగిపోతే తుప్పు ట్యాంకు మీద పడుతుంది.

శ్రోత: కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్ సంగతి?

మాస్టారు: పరీక్ష కాగితం చేతికి వచ్చాక ఫోన్ చేయండి. అంకె తెలియకుండా సాఫ్ట్‌నర్ సైజు చెప్పడం నాకు చేతకాదు.

నిర్వాహకురాలు: సరే మాస్టారూ. ఇప్పుడు ప్రాంతీయ వార్తలు.