మొవ్వు కుళ్ళు ఫంగస్ కాదండీ, పుట్టగొడుగు మొక్కా కాదు!

(పి. గన్నవరం అక్విడక్టు, అంటే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెన మీద. కింద గోదావరి పాయ వైనతేయ, పక్కనే కాలువ పారుతూ కనిపిస్తుంది.)

నమస్కారమండీ. గాలి హోరు వినిపిస్తోందేమో, కాస్త సర్దుకోండి. గదిలో కూర్చుని చెప్పకుండా ఇంత దూరం రావడానికి కారణం ఉంది. కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పోయిన వానల్లో మా బాబాయి ఫోను చేశాడు. "ఒరేయ్, కొబ్బరిచెట్టు మొవ్వు కుళ్ళిపోతోందిరా. ఫంగస్ మందు రెండుసార్లు పోశాను. నడిమి ఆకు పట్టుకు లాగితే చేతికొచ్చేసింది, ఒకటే కంపు."

ఏ మందు బాబాయ్ అన్నాను. కార్బెండజిమ్ అన్నాడు.

"అదెందుకు పోశావు?"

"ఫంగస్‌కి ఫంగస్ మందు కాకపోతే ఇంకేం పోస్తార్రా?"

ఆయన్ని తప్పుపట్టలేను. మొవ్వు కుళ్ళుని, అంటే చెట్టు తలలోని లేత మొగ్గ కుళ్ళడాన్ని, అందరూ ఫంగస్ అనే అంటారు. కానీ అది ఫంగస్ కాదు. అందుకే ఆ మందు దాన్ని ఏమీ చెయ్యలేకపోయింది. ఈ పొరపాటు నన్ను ఏళ్ల తరబడి తినేస్తోందండీ, ఎందుకంటే దీని వెనక ఇంకో పెద్ద పొరపాటు ఉంది. మనందరి బుర్రల్లో ఒక నిచ్చెన ఉంది. అడుగు మెట్టు మీద సూక్ష్మజీవులు, ఆపైన నాచు, ఆపైన బూజూ పుట్టగొడుగులూ, ఆపైన మొక్కలు, అన్నిటికన్నా పైన మనం. ఒకదాంట్లోంచి ఒకటి పుట్టి పైకెక్కినట్టు.

ఆ నిచ్చెన పక్కన పడేసి ధవళేశ్వరం రండి.

బ్యారేజీ దాటాక గోదావరి చీలిపోతుంది కదా. ఇటు గౌతమి, అటు వసిష్ఠ. వసిష్ఠలోంచి ఈ వైనతేయ. గౌతమి వసిష్ఠలోంచి పుట్టిందని మన ప్రాంతంలో ఎవరైనా అంటారా? యానాం దగ్గర పారే నీళ్లు అంతర్వేది నీళ్లకన్నా ఒక మెట్టు పైవని అంటారా? అనరు. రెండూ ఒకచోట విడిపోయాయి, ఎవరి దారిన వాళ్లు సముద్రం దాకా వచ్చాయి, రెండూ ఇవాళే పారుతున్నాయి. జీవం కూడా అంతే. ఇవాళ బతికున్న బ్యాక్టీరియా మన తాత కాదు. మనతో పాటే ఇక్కడిదాకా పారివచ్చిన ఇంకో పాయ.

ఇప్పుడు పుట్టగొడుగు. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలన్నిటికీ పేర్లు పెడుతూ పుట్టగొడుగుల్నీ వాటిలోనే కలిపేశాడు. కదలదు, నేలలోంచి మొలుస్తుంది, కాబట్టి మొక్క. రెండు వందల ఏళ్లకు పైగా ఆ లెక్కే నడిచింది. 1969లో విటేకర్ అనే అమెరికా శాస్త్రవేత్త శిలీంధ్రాలను, అంటే ఫంగస్‌లను, విడిగా ఒక రాజ్యంగా నిలబెట్టాడు. 1990ల్లో జన్యువులు చదవడం మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. శిలీంధ్రాల పాయ మొక్కలకు దగ్గరిది కాదు, జంతువులకు దగ్గరిది. మొక్కల పాయ ఎప్పుడో పైనే విడిపోయింది. ఆ తరవాత కూడా శిలీంధ్రాలూ మనమూ చాలా దూరం ఒకే ఏటిలో పారి, సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట చీలాం.

ఆనవాళ్లు ఇంట్లోనే ఉన్నాయి. భీమవరం వైపు రొయ్యలు ఒలిచి పెంకులు గుట్టలు పోస్తారు చూడండి, ఆ పెంకులో ఉండే గట్టి పదార్థం కైటిన్. పుట్టగొడుగు కణాల గోడలో ఉండేదీ అదే కైటిన్. మొక్కల గోడలో ఉండేది సెల్యులోజ్. మిగిలిన తిండిని మొక్క పిండిపదార్థంగా దాచుకుంటుంది. పుట్టగొడుగు గ్లైకోజన్‌గా దాచుకుంటుంది, మన కాలేయంలాగే. అంటే వరిగడ్డి మీద మొలిచే పుట్టగొడుగుకి, ఆ గడ్డికన్నా మీరే దగ్గర చుట్టం!

(కొంతమంది వెంటనే అడుగుతారు, మరి పుట్టగొడుగు శాకాహారమేనా అని. తిండి నియమాలు మనం పెట్టుకున్నవి, అవి ఈ పాయల్ని చూసి పెట్టుకోలేదు. నిశ్చింతగా తినండి.)

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. "పుట్టగొడుగు" అనే పేరు ఎంత గొప్పదో చూడండి. పుట్ట మీద గొడుగు. నిజంగానే టెర్మిటోమైసిస్ అనే రకాన్ని చెదపురుగులు పుట్ట లోపల సాగుచేస్తాయి. పుల్లా ఆకూ నమిలి మడి కట్టి, దాని మీద పెంచుకు తింటాయి. వానలు పడ్డాక అదే పుట్టలోంచి గొడుగై పైకొస్తుంది. పేరు పెట్టినవాళ్లు అది ఎక్కడ మొలుస్తోందో కళ్లారా చూసి పెట్టారు.

సరే, బాబాయి చెట్టు దగ్గరికి వద్దాం. మొవ్వును కుళ్ళబెట్టేదాని పేరు ఫైటోఫ్తోరా పామివోరా. పామివోరా అంటే తాటి, కొబ్బరి జాతి చెట్లను తినేది. దీన్ని మొదట వర్ణించి పేరు పెట్టింది బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన ఎడ్విన్ బట్లర్, 1907లో. ఆయన ఆ తెగులును పరిశీలించింది ఎక్కడనుకున్నారు? ఈ గోదావరి డెల్టాలోనే, మన తాటిచెట్ల మీద! దారాల్లా పాకుతుంది, బీజాలు వేస్తుంది, కాబట్టి ఆ రోజుల్లో అందరూ శిలీంధ్రమనే అనుకున్నారు. చూపు మోసపోయింది. దాని కణాల గోడలో కైటిన్ బదులు సెల్యులోజ్ ఉంటుంది. దాని బీజాలు రెండు తోకలతో నీళ్లలో ఈదుతాయి, అందుకే వానల్లో మొవ్వులో నీళ్లు నిలిస్తే విజృంభిస్తుంది. జన్యువులు చూస్తే అది వేరే పాయ. సముద్రంలో పెరిగే గోధుమ నాచులు, ఒకే కణంతో బతికే డయాటమ్‌లు ఉన్న పాయ. రొయ్యల చెరువులో నీళ్లకు గోధుమ రంగు తెచ్చి, మీరు "కలరు బాగుంది" అనుకునే డయాటమ్‌లు ఉన్నాయే, వాటికి దాయాది ఇది.

కార్బెండజిమ్ నిజమైన శిలీంధ్రాల కణాల్లో ఒకానొక ప్రొటీనుకి అతుక్కుని వాటి విభజనను ఆపుతుంది. ఈ పాయవాళ్ల దగ్గర ఆ తాళంచెవి తిరగదు. చెయ్యాల్సింది కుళ్ళిన భాగం తీసేసి, మైలుతుత్తం (రాగి లవణం), సున్నం కలిపి చేసే బోర్డో పేస్టు పుయ్యడం, చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో ఒక శాతం బోర్డో మిశ్రమం పడేలా చల్లడం. రాగి ఇద్దరినీ కొడుతుంది. అది ఏ ఒక్క తాళం మీదా ఆధారపడదు.

అదే చెట్టు మొదట్లో గోధుమరంగు పళ్లేల్లాంటి పుట్టగొడుగులు కనిపించాయనుకోండి, అది గానోడెర్మా. అది నిజమైన శిలీంధ్రం. ఒకే కొబ్బరిచెట్టుకి తలమీద ఒక పాయ శత్రువు, కాళ్ల దగ్గర ఇంకో పాయ శత్రువు. రెండిటినీ "ఫంగస్" అనేసి ఒకే డబ్బా కొంటే డబ్బులు నీళ్లలో పోసినట్టే.

(కెమెరా కాలువ వైపు తిరుగుతుంది.)

ఇప్పుడు ఇక్కడికి ఎందుకొచ్చానో చెబుతాను. పాయలు చీలడం ఒక్కటే అయితే కథ సులువు. కానీ డెల్టాలో మనవాళ్లు కాలువలు తవ్వారు. చూడండి, కింద వైనతేయ తన దారిన పారుతోంది. దాని నెత్తిమీద నుంచి కాలువ నీళ్లు ఆవలి దీవి పొలాలకు వెళ్తున్నాయి. కాటన్ దొర కాలంలో కట్టిన పాత అక్విడక్టు బదులు, ఇప్పుడున్నది డొక్కా సీతమ్మగారి పేరుతో ఉంది. రెండు నీళ్లూ ఒకేచోట ఉంటాయి, ఒకదాంట్లో ఒకటి కలవవు.

ఆకులో పచ్చదనం సరిగ్గా ఇలాంటిదే! ఆకు కణంలో ఎండను పట్టి తిండి వండే ఆకుపచ్చ బిళ్ల, క్లోరోప్లాస్ట్, ఒకప్పుడు విడిగా బతికిన సైనోబ్యాక్టీరియా, అంటే ఎండతో తిండి వండుకునే బ్యాక్టీరియా. అవే 240 కోట్ల ఏళ్ల కిందట గాలిని ఆక్సిజన్‌తో నింపడం మొదలుపెట్టాయి. వాటిలో ఒకదాన్ని మొక్కల పూర్వీకుడు మింగి, అరిగించుకోకుండా ఉంచుకున్నాడు. 1905లోనే రష్యా శాస్త్రవేత్త మెరెష్కోవ్‌స్కీ ఈ మాట అన్నాడు, 1967లో అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ మళ్లీ పట్టుబట్టింది, తరవాత జన్యువులు చదివితే నిజమని తేలింది. ఇప్పటికీ ఆ బిళ్లకు సొంత డీఎన్ఏ ఉంది. కణం డీఎన్ఏ కింద ఏరు, ఇది పైన కాలువ. అయితే కాలువ గట్టు ఊరకుండా ఉంటుందా? వేలల్లో ఉండాల్సిన జన్యువుల్లో ఇప్పుడు దానిలో మిగిలింది నూరు పైచిలుకు. కొన్ని పోయాయి, ఎన్నో ఊట దిగినట్టు కిందికి, కణం కేంద్రకంలోకి చేరిపోయాయి.

డయాటమ్‌లకు ఆ పచ్చదనం నేరుగా కాలువలోంచి రాలేదు. ఒక ఎర్ర నాచును మింగి, దాని దగ్గరున్నది తీసుకున్నాయి. అంటే కాలువలోంచి బోదె!

ఈ కాలువ తవ్వడం కళ్లముందు చూడాలంటే మీ వరిచేలో అజొల్లా తీసి చూడండి. దాన్ని నాచు అంటారు, కాదు. అది నీళ్ల మీద తేలే ఫెర్న్ జాతి మొక్క. దాని ఆకులో చిన్న గది, ఆ గదిలో సైనోబ్యాక్టీరియా. గాలిలో నత్రజనిని పట్టి ఫెర్న్‌కి ఇస్తుంది, అందుకే మీరు ఎరువుగా వాడతారు. తరం మారేటప్పుడు ఫెర్న్ తన బీజంతో పాటు దాన్నీ పంపిస్తుంది. 2010లో ఆ బ్యాక్టీరియా జన్యువులు చదివితే దాదాపు మూడో వంతు పాడుబడి ఉన్నాయి. విడిగా బతకడం మర్చిపోతోందన్నమాట. ఇంకా లాకులు బిగించని కాలువ అది. (దీని చుట్టాల్ని "నీలి ఆకుపచ్చ నాచు" పేరుతో జీవన ఎరువుగా అమ్ముతారు. అవీ నాచు కాదు, బ్యాక్టీరియా. ఆ పేరు ఎప్పుడు మారుస్తారో!)

పొద్దు వాలుతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

మొక్కలు నేల మీదికొచ్చింది సుమారు 47 కోట్ల ఏళ్ల కిందట. ఒంటరిగా రాలేదు. స్కాట్లాండులో రైనీ అనేచోట దొరికిన 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో, వేళ్లే లేని మొక్కల కాండంలో శిలీంధ్రం అల్లుకుని ఉంది. వేరు కన్నా ముందు శిలీంధ్రమే భాస్వరం మోసింది. మీ కొబ్బరి వేళ్లలో ఇప్పటికీ ఆ కాపురం ఉంది. మందులు కుమ్మరించేముందు దాన్నీ తలుచుకోండి.

కోరింగ మడ అడవి. అక్కడి చెట్లన్నీ ఒకే కుటుంబం అనుకుంటాం. మడచెట్టు అడ్డసరం కుటుంబం, పాలు కంట్లో పడితే మంటపుట్టించే తిల్లచెట్టు ఆముదం కుటుంబం. వేరువేరు పాయలు, వేరువేరుగా ఉప్పునీళ్లకు అలవాటుపడ్డాయి. ఓడలరేవు దగ్గర చేరినా, యానాం దాటి చేరినా సముద్రం ఉప్పగానే ఉంటుంది కదా.

చివరిది. ఊడ్పుల్లో బురదలో కాలేస్తే బుడగలు లేస్తాయి. అందులో ఉన్నది మీథేన్. దాన్ని చేసేది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవులు. 1977లో అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్ వాటిని విడదీసి చూపించాడు. చూడ్డానికి బ్యాక్టీరియాలాగే ఉంటాయి, కానీ వాటి పాయ మనవైపుకే దగ్గర. జీవానికి ధవళేశ్వరం అక్కడుంది, ఆ మొదటి చీలిక దగ్గర.

ఇదంతా బాబాయికి ఫోనులోనే చెప్పాను. బోర్డో పేస్టు పూయించాడు. మర్నాడు మళ్లీ ఫోను. "అంతా బానే ఉందిరా అబ్బాయ్. మరి పోయినేడు మన వరిచేలో టుంగ్రో తెగులు వచ్చింది కదా. వైరస్ అన్నారు. అది ఏ పాయలోది?"

దానికి ఇంకో వీడియో కావాలండీ. ఈలోగా మీ చేలో ఏం తెగులొచ్చిందో, ఏ మందు కొట్టారో కింద రాయండి. పేరు తెలియకపోతే ఆకు ఎలా ఉందో రాయండి చాలు.