తాత చావు కోసేసి, వడలు ఉంచినారు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలకీ, కింద పెద్దలకీ, వెనకాల ఫ్యాను కింద సీటు దొరికిన అదృష్టవంతులకీ... పేర్లు చెప్పుకుంటా పోతే నాకిచ్చిన పదిహేను నిమిషాలూ ఆడికే సరిపోతాయి, అందరికీ కలిపి ఒకే దండం.

కథ ఎంత పొడుగుండాల అని టాపిక్కు. నాకు కాపురం తిరుపతిలో, ఉద్యోగం చిత్తూరులో, ఇరవై ఏళ్ళు బస్సులోనే రాసినా. చంద్రగిరి దాటేలోపల మనుషులు వచ్చేయాల, పూతలపట్టుకి ముడి పడాల, చిత్తూరు బస్టాండుకి అయిపోవాల. లెక్కేసుకోని రాసింది కాదు, అట్ల కుదిరింది, ఎప్పుడు చూసినా పన్నెండు పేజీలే. రిటైరయినాక నవల మొదలుపెడితే మూడొందల పేజీలు పోయింది. మా ఆవిడ చదివి, "ఇదీ మీ బస్సు కథే, దారిలో నాలుగుసార్లు టిఫినుకి ఆపినారు, అంతే" అనింది.

నవల రాస్తేనే రచయితా ఏంది? మన దామలచెరువు మధురాంతకం రాజారాం గారు నవలలూ రాసినారు, అకాడమీ అవార్డు 1993లో కథలకే వచ్చింది. 2013లో నోబెల్ తీసుకున్న కెనడా ఆవిడ ఆలిస్ మన్రో, ఆమెదీ కథల దారే, ఒక్కో కథ ముప్పై నలభై పేజీలు పోతాది.

ఆమెకేం, జాగా ఇచ్చినారు. నాకు? పేరు చెప్పను, ఒక వారపత్రిక. పన్నెండు పట్టవు, నాలుగు చేయమన్నారు. కుదరదన్నా. వాళ్ళే కోసుకున్నారు. ఏం కోసినారు? తాత చావు! ఒక పేరాలో తాత ఎద్దులకి గడ్డేస్తా ఉంటాడు, కింద పేరాలో పెద్దదినానికి వడలు కాలస్తా ఉంటారు. పీలేరు నుంచి ఒకాయన కార్డు రాసినాడు, "అయ్యా, ఆ వడలు ఎవురికి?" అని. నవ్వొద్దండబ్బా. ఆ చావు రాయడానికే గదా కథంతా రాసింది. యాడ్ వచ్చి జాగా పోయిందంట, పోనీలే, వాళ్ళ కష్టం వాళ్ళది, అయినా తాతనే కోయాల్నా?

కథలు రాసే పిల్లోళ్ళు చేతులెత్తండి. పోటీకని కాకుండా, ఎవురూ అడక్కుండా మీరు రాసుకున్నవి ఒక ఐదు తీసి పేజీలు లెక్కపెట్టండి. అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే మీ కొలత అదే. మీ మనిషి ఊరికే రెండోసారి టీ తాగతా ఉంటే కొలత దాటేసినట్టు. మళ్ళీ చెప్తా, రెండోసారి టీ.

చీటీ చూసినానయ్యా, టైమైపోయింది. ఆ కోసేసిన తాత చావు మూడే పేజీలు, సంచీలో తెచ్చినా. లేవొద్దండి, చదివేస్తా.