లాగకండి, కోయండి

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకుని, అందులో నిజం మొక్కలు పెంచుతున్నవాళ్ళకి ఒక్క మాట చెబుదామని వచ్చాను. బాగా వేరూనిన మొక్కను తీసేయాలనుకుంటే, పట్టుకుని లాగకండి.

ఈ అవసరం తెచ్చిపెట్టే మొక్క చాలా ఇళ్ళల్లో అమెజాన్ స్వోర్డే. షాపులో చిన్న ప్లాస్టిక్ కుండీలో జానెడైనా లేకుండా బుద్ధిగా ఉంటుంది. తెచ్చి తొట్టి మధ్యలో నాటుతాం. ఏడాది, రెండేళ్ళు తిరిగేసరికి మూరెడేసి ఆకులు నీటి పైదాకా వచ్చి లైటంతా కప్పేస్తాయి. కింద చిన్న మొక్కలు వెలుగు లేక నీరసిస్తాయి. పైన ఇంత ఉంటే ఇసుక కింద ఇంకెంత ఉంటుందో! తెల్లటి వేర్లు ఒక్కోసారి ఆ పక్క అద్దం దాకా పాకి ఉంటాయి.

మా బావ ఇంట్లో నాలుగడుగుల తొట్టి. సరిగ్గా ఇదే పరిస్థితి. "ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది కదా" అని చొక్కా చేయి మడిచాడు. "ఆగు బావా, ముందు ప్లగ్గులు తియ్యి" అన్నాను. ఫిల్టరు, హీటరు, లైటు అన్నీ తీశాకే నీళ్ళలో చెయ్యి పెట్టాం. చేపల్ని బయటికి తీయలేదు. వల పట్టుకుని వెంటపడితే వాటికి అదో పెద్ద టెన్షన్.

ముందు బయటి ఆకులన్నీ కత్తిరించి, పట్టుకోవడానికి నడిమి ఆకులు నాలుగు ఉంచాం. తర్వాత పొడుగాటి కత్తెరను మొదలుకు నాలుగు వేళ్ళ దూరంలో ఇసుకలోకి నిలువుగా దించి, చుట్టూ తిరుగుతూ వేర్లు తెంపాం. తొందర లేదు. బావ నీళ్ళు లాగే సైఫన్ గొట్టాన్ని మొక్క మొదలు పక్కనే పట్టుకున్నాడు, రెండో కొస బకెట్లో. నేను మొక్కను అటూ ఇటూ కదిపాను. పైకి కాదు, పక్కలకు. లేచిన మడ్డి లేచినట్టే గొట్టంలోకి పోయింది. కాసేపటికి మొక్క దానంతట అదే వదులైంది. తెగిన వేర్లు ఇసుకలోనే వదిలేశాం. అవి మెల్లగా కుళ్ళితే ఇబ్బంది లేదు. ఒక్కసారిగా పెకలిస్తేనే ఇబ్బంది.

ఎందుకంటే, చేపల రెట్ట, తినగా మిగిలిన మేత, రాలిన ఆకులు, అన్నీ ఆ వేర్ల మధ్యే చేరతాయి. లోతున ఆక్సిజన్ ఉండదు. అక్కడ కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు కూడా పుట్టొచ్చు. మొక్కను ఊడబెరికితే ఆ సరుకంతా నీళ్ళలో కలుస్తుంది, చేపలకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది. ఆ అమ్మోనియాను పీల్చుకునే మొక్కనేమో మనం అప్పుడే తీసేశాం! అందుకే పెద్ద మొక్కలు రెండు మూడు ఉంటే ఒకే రోజు తీయకండి, వారానికొకటి చాలు.

మొక్క తీశాక మూడో వంతు నీళ్ళు మార్చాం. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోగొట్టే మందు వేయాలి. వెంటనే ఫిల్టరు ఆన్ చేయాలి. ఎలాగూ చేతులు తడిశాయి కదా అని అదే రోజు ఫిల్టరు స్పాంజి కూడా కడిగేస్తారు కొందరు. వద్దు. అమ్మోనియాను అరిగించే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే.

అన్ని మొక్కలూ ఒక్కటి కాదు. వాలిస్నేరియా ఇసుక మీదుగా తీగలు పాకించి పిల్లలు పెడుతుంది. ముందు ఆ తీగ తెంపకపోతే ఒకదాని వెంట వరసంతా లేచొస్తుంది. క్రిప్టోకొరైన్ అయితే దుంప ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది. నన్నడిగితే దాన్ని అలాగే వదిలేయమంటాను, పాపం నెమ్మదిగా పెరిగే మొక్క.

తీసిన మొక్కను చెరువులోనో కాలవలోనో పారేయకండి. మన చెరువుల్ని కప్పేసిన గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చిన మొక్కే. ఎండలో బాగా ఎండబెట్టి పూలకుండీలో వేయండి, ఎరువవుతుంది.

ఈ పని ఉదయం పూట పెట్టుకోండి. పగలంతా చేపల మీద ఓ కన్ను వేయొచ్చు. అవి పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయంటే, సాయంత్రం దాకా ఆగకుండా ఇంకో పావు వంతు నీళ్ళు మార్చండి.

నమస్కారం.